మానేసిన కుర్రాళ్లు కోడ్‌కి పాస్‌వర్డ్ పెట్టి వెళ్లిపోయారు, తీసే దారి ఉందా?

ఆటోనగర్_లెక్కలు
గాజువాక ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్స్ చూస్తాను. బిల్లింగ్, స్టాకు అన్నీ ఆఫీసులోనే రాయించుకున్న ప్రోగ్రాం మీద నడుస్తాయి. ఇద్దరు కుర్రాళ్లు జీతానికి ఉండి రాశారు. ఒకడు హైదరాబాద్ వెళ్లిపోయాడు, రెండోవాడు ఫోన్ ఎత్తడు. ఇన్నాళ్లూ దాని జోలికి పోవాల్సిన పని పడలేదు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాక మొదలైంది గొడవ. 28 శాతం శ్లాబ్ పోయింది, మా సరుకు దాదాపు అంతా 18లోకి వచ్చేసింది. ప్రోగ్రాం మాత్రం ఇంకా 28 వేస్తోంది. రేటు మార్చుకునే స్క్రీన్ లేదు, కోడ్‌లోనే రాసేశారట. ప్రతి బిల్లూ చేత్తో దిద్దుతున్నాం. ఓనరు గారికి బీపీ, ఆయన అరుపులకి నాకు బీపీ.

చేతిలో ఉన్నవి ఇవి. బిల్లులు కొట్టే ఎక్సెల్ మాక్రో ఫైలు (లోపలే ప్రోగ్రాం కోడ్ ఉండే ఎక్సెల్). మామూలుగా తెరుచుకుంటుంది, కోడ్ చూద్దామంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. "సోర్స్_ఫైనల్_కొత్తది" అని ఒక జిప్, దానికీ పాస్‌వర్డ్. స్టాకు చూసే చిన్న డాట్‌నెట్ ఎగ్జీ (మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ మీద రాసిన ప్రోగ్రాం ఫైలు). దాని కోడ్ గిట్‌హబ్ అనే, కోడ్ దాచుకునే వెబ్‌సైటులో ఉందంటారు, కానీ అది రెండోవాడి సొంత అకౌంట్. ద్వారకానగర్‌లో ఒక షాపాయన అన్నీ తీసిస్తా, పాతిక వేలు ముందే ఇవ్వండి అన్నాడు. ఇవ్వొచ్చా?

కంచరపాలెం_కుర్రాడు
ఫైలు పేరులో "ఫైనల్ కొత్తది" అని ఉందంటే అది ఫైనలూ కాదు, కొత్తదీ కాదు.

హెక్స్_బాబాయ్
ఎవరికీ పైసా ఇవ్వకండి. ముందు అన్నింటికీ కాపీలు తీసి పెన్‌డ్రైవ్‌లో దాచండి. ఏం చేసినా కాపీ మీదే చేయండి.

ఎక్సెల్‌లో పాస్‌వర్డ్ రెండు రకాలు. ఫైలు తెరవడానికే అడిగేది నిజమైన ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రహస్య రాత), దానితో ఆటలు కుదరవు. కోడ్ చూడ్డానికి అడిగేది వట్టి గొళ్లెం. లోపల కోడ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండదు, ఎడిటర్ చూపించనని మొండికేస్తుంది, అంతే. మీది రెండో రకం.

ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ ఫైలు అంటే అసలుకి అదొక జిప్పే. కాపీకి చివర జిప్ అని పేరు మార్చి తెరిస్తే ఎక్స్‌ఎల్ అనే ఫోల్డర్‌లో వీబీఏప్రాజెక్ట్ డాట్ బిన్ అని ఉంటుంది. దాన్ని బయటకి తీసి హెక్స్ ఎడిటర్‌లో (ఫైలుని బైట్ బైట్‌గా చూపించి మార్చనిచ్చే టూల్) డీపీబీ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు, పక్కనే సమానం గుర్తు ఉన్న చోటు వెతకండి. చివరి బీ తీసి ఎక్స్ పెట్టండి. అక్షరాల సంఖ్య మారకూడదు. సేవ్ చేసి మళ్లీ అదే చోట పెట్టి, పేరు పాతది చేసి ఎక్సెల్‌లో తెరవండి. తెలియని కీ ఉంది, కొనసాగించమంటారా అని గోల పెడుతుంది, ఎస్ అనండి. ఆల్ట్ ఎఫ్11 నొక్కి, ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో ప్రొటెక్షన్ ట్యాబ్‌కి వెళ్లి మీకు నచ్చిన కొత్త పాస్‌వర్డ్ పెట్టి సేవ్ చేసి మూసేయండి. మళ్లీ తెరిస్తే ఆ కొత్తదానితో లోపలికి వెళ్లొచ్చు.

పావుగంట పని. దీనికి పాతిక వేలా?

పాత_వీబీ
బాబాయ్ పద్ధతి పనిచేస్తుంది. అంత కష్టం కూడా అక్కర్లేదు. పైథాన్ ఉంటే ఓలీటూల్స్ వేసుకుని ఓలీవీబీఏకి ఫైలు చూపిస్తే కోడ్ మొత్తం టెక్స్ట్‌గా కక్కేస్తుంది. పాస్‌వర్డ్ సంగతే అడగదు. వైరస్‌లున్న మాక్రోలని చూడ్డానికి సెక్యూరిటీ వాళ్లు వాడేది అదే.

హెక్స్_బాబాయ్
@పాత_వీబీ చదవడానికి ఓకే. ఆయన రేటు మార్చాలి కదా, అప్పుడు గొళ్లెం తియ్యాల్సిందే.

నైట్‌షిఫ్ట్_ఎన్‌ఏడీ
జిప్ సంగతి. 7జిప్‌లో తెరిచి చూడండి, పాస్‌వర్డ్ లేకపోయినా లోపలి ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి. మెథడ్ అనే కాలమ్‌లో ఏముందో ఇక్కడ రాయండి. జిప్‌కి తాళం వేసే పద్ధతులు రెండు: జిప్‌క్రిప్టో అని ఉంటే ఆశ ఉంది, ఏఈఎస్-256 అని ఉంటే పాస్‌వర్డ్ ఊహించడం తప్ప మార్గం లేదు.

జిప్‌క్రిప్టో పాత పద్ధతి. బిహామ్, కోచర్ అని ఇద్దరు 1994లోనే దాన్ని విప్పే దారి చూపించారు. లోపలున్న ఫైళ్లలో ఒక్కదాని అసలు రూపం మన దగ్గర ఉంటే చాలు. మొత్తం కూడా అక్కర్లేదు, 12 బైట్లు తెలిస్తే సరి, అందులో 8 వరుసగా ఉండాలి. బీకేక్రాక్ అనే ఉచిత టూల్ తాళాన్నే పట్టేస్తుంది. పాస్‌వర్డ్ ఎంత పొడుగైనా లెక్కలేదు. మీ కంపెనీ లోగో ఆ జిప్‌లో ఉందా? అదే లోగో మీ దగ్గరా ఉంటుంది. కాకపోతే అప్పుడు వాళ్లు వాడిన సాఫ్ట్‌వేర్‌తోనే దాన్ని మళ్లీ జిప్ చేసి పోల్చాలి, లేకపోతే బైట్లు కలవవు.

ఆటోనగర్_లెక్కలు
@నైట్‌షిఫ్ట్_ఎన్‌ఏడీ చూశాను. లోగో ఉంది, ఎక్సెల్ పాత వెర్షన్లు ఉన్నాయి, స్టాకు ప్రోగ్రాం ఫోల్డర్ కూడా ఉంది. మెథడ్ దగ్గర ఏఈఎస్-256 డిఫ్లేట్ అని ఉంది.

నైట్‌షిఫ్ట్_ఎన్‌ఏడీ
అయితే లోగో పనికిరాదు. 7జిప్‌లో జిప్‌కి పాస్‌వర్డ్ పెడితే మామూలుగా వచ్చేది జిప్‌క్రిప్టోనే. మీవాడు పనిగట్టుకుని ఏఈఎస్ ఎంచుకున్నాడు. పని తెలిసినవాడే.

కంచరపాలెం_కుర్రాడు
పని తెలిసినవాడు పన్ను రేటు కోడ్‌లో ఎందుకు రాస్తాడు గురూ.

పాత_వీబీ
2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు అందరం అలాగే రాశాం. రేపటికల్లా బిల్లు రావాలి అని నెత్తిన కూర్చుంటే టేబుల్ కట్టే తీరిక ఎవడికుంటుంది.

మధురవాడ_డెవ్
ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. వాళ్లిద్దరూ వెళ్లేటప్పుడు లెక్క పూర్తిగా తేల్చారా? ఆఖరి జీతం, రిలీవింగ్ లెటర్? ఊరికే ఫోన్ ఎత్తకుండా ఉండరు ఎవరూ.

ఆటోనగర్_లెక్కలు
@మధురవాడ_డెవ్ నోటీసు పీరియడ్ పూర్తి చేయలేదని ఓనరు గారు రెండోవాడి ఆఖరి నెల జీతం ఆపారు, లెటర్ కూడా ఇవ్వలేదు. అది వాళ్లిద్దరి మధ్య విషయం. నేను అడిగింది పాస్‌వర్డ్ గురించి.

మధురవాడ_డెవ్
పాస్‌వర్డ్ గురించే చెబుతున్నా. ఐటీ కంపెనీల్లో లెటర్ లేకపోతే కొత్త చోట బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటదు. నేను రుషికొండలో ఒక చోట మానేసినప్పుడు లెటర్ కోసం చాలాకాలం తిప్పారు. కొత్త హెచ్‌ఆర్‌కి రోజూ ఏదో కథ చెప్పుకునేదాన్ని. మీవాడికీ అదే పరిస్థితి అయితే మీ ఫోన్ చూడగానే కట్ చేస్తాడు, నేనైనా అంతే.

బీచ్‌రోడ్_బిజినెస్
మేడమ్, ఇది బ్లాక్‌మెయిల్‌ని సమర్థించడం. నాకూ చిన్న కంపెనీ ఉంది. జీతం ఇచ్చి రాయించుకున్న కోడ్ నాది. వాడికి నా మీద కోపం ఉంటే లేబర్ ఆఫీసుకి పోవాలి గానీ నా ఫైలుకి తాళం వేస్తాడా?

మధురవాడ_డెవ్
తాళం కోపంతో వేశాడని ఎవరన్నారు? బిల్లింగ్ కుర్రాళ్లు ఫార్ములాలు చెడగొట్టకుండా పనిచేస్తున్న రోజుల్లోనే పెట్టి ఉంటాడు. అప్పుడు పాస్‌వర్డ్ ఎక్కడ రాశావు అని ఓనరు ఒక్కసారైనా అడిగాడా?

బీచ్‌రోడ్_బిజినెస్
అడగకపోతే చెప్పాల్సిన బాధ్యత లేదా?

మధురవాడ_డెవ్
ఉంది. జీతం ఇవ్వాల్సిన బాధ్యత కూడా ఉంది.

కంచరపాలెం_కుర్రాడు
పాప్‌కార్న్ తెచ్చుకున్నా, కానివ్వండి.

సిరిపురం_లాయర్
ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసిన దానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. కాబట్టి మీ ఎక్సెల్, మీ జిప్ మీరు తెరుచుకోవడంలో తప్పు లేదు. అదే ఫ్రీలాన్సర్‌తో రాయిస్తే లెక్క వేరు. హక్కు రాసినవాడిదే, సంతకంతో రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. ఆ కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం 5 ఏళ్లకే లెక్కేస్తుంది. ఇది తెలియక ఊళ్లో చాలామంది డబ్బిచ్చాం కాబట్టి మాదే అనుకుంటారు.

నష్టం చేయాలన్న ఉద్దేశంతో సోర్స్ కోడ్‌ని దాచడం, చెరపడం ఐటీ చట్టం 2000, సెక్షన్ 43 కిందికి వస్తుంది. మోసపూరితంగా చేశాడని తేలితే సెక్షన్ 66 ప్రకారం 3 ఏళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ ఉద్దేశం రుజువు చేయాలి. పని నడుస్తున్నప్పుడే పెట్టిన పాస్‌వర్డ్‌ని దాచిపెట్టడం అని నిరూపించడం కష్టం. పైగా మీరే జీతం ఆపి ఉన్నారు. నోటీసు పంపితే తిరుగు నోటీసు వస్తుంది, ఈలోగా బిల్లులు చేత్తోనే దిద్దుకుంటారు.

నైట్‌షిఫ్ట్_ఎన్‌ఏడీ
ఆ రెండోవాడు వాడిన కంప్యూటర్ ఇంకా ఉందా? ఫార్మాట్ చేయకపోతే అందులో గిట్ క్లోన్ (గిట్‌హబ్‌లోని కోడ్‌కి పూర్తి కాపీ) ఉంటుంది. క్లోన్ దొరికిందంటే గిట్‌హబ్‌తో పనే లేదు, తీసుకున్న రోజు వరకు చరిత్ర మొత్తం ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది. డాట్ గిట్ అనే ఫోల్డర్ దాచి ఉంటుంది, హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టి వెతకండి. ఇంకో మాట, వాడి బ్రౌజర్‌లో గిట్‌హబ్ పాస్‌వర్డ్ సేవ్ అయి ఉంటుంది, నేరుగా లాగిన్ అయిపోవచ్చు.

సిరిపురం_లాయర్
@నైట్‌షిఫ్ట్_ఎన్‌ఏడీ ఆ చివరి మాట వెనక్కి తీసుకోండి. కోడ్ కంపెనీదే, అకౌంట్ అతనిది. అతని అనుమతి లేకుండా అందులోకి వెళ్తే అదే సెక్షన్ 43, 66 ఈసారి మీ ఓనరు మెడకి చుట్టుకుంటాయి. డిస్క్‌లో ఉన్న కంపెనీ ఫోల్డర్ వరకు తీసుకోండి, అక్కడితో ఆగండి.

నైట్‌షిఫ్ట్_ఎన్‌ఏడీ
సరే లాయర్ గారు, తీసుకున్నా.

ఆటోనగర్_లెక్కలు
ఆ కంప్యూటర్ గోడౌన్‌లో సీసీటీవీకి వాడుతున్నారు. వాడి యూజర్ అలాగే ఉంది, విండోస్ పాస్‌వర్డ్ తెలియదు.

హెక్స్_బాబాయ్
విండోస్ పాస్‌వర్డ్ రీసెట్ జోలికి వెళ్లకండి. బలవంతంగా రీసెట్ చేస్తే ఆ యూజర్ కింద విండోస్ కాపాడిన రహస్యాలు కొన్ని మళ్లీ తెరుచుకోవు. డిస్క్ ఊడదీసి యూఎస్‌బీ కేసులో పెట్టి వేరే కంప్యూటర్‌కి తగిలించండి. బిట్‌లాకర్ (డిస్క్ మొత్తానికీ విండోస్ వేసే తాళం) లేకపోతే ఫోల్డర్లు మామూలుగా కనిపిస్తాయి. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనో, ప్రింటు తీసిన కాగితం మీదో ఉండాలి. అదీ లేకపోతే ఆ డిస్క్ మర్చిపోండి.

ఉప్పుగాలి
పాత సంగతి ఒకటి. హుద్‌హుద్ వచ్చినప్పుడు, అంటే 2014 అక్టోబర్ 12, మా ఆఫీసు కింది అంతస్తులో సర్వర్‌కి నీళ్లు పట్టాయి. బ్యాకప్ ఉంది, బ్యాంకు లాకర్‌లో సీడీలు. అందరం గర్వపడ్డాం. తీరా చూస్తే సీడీలోది పాస్‌వర్డ్ ఉన్న జిప్, అది తెలిసినాయన శ్రీకాకుళంలో, ఫోన్లు పనిచేయవు. మనిషిని బస్సులో పంపించి చీటీ మీద రాయించుకొచ్చాం. ఆ చీటీలో ఉన్నది ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరమా, ఒకటి అంకెా తేలక ఇంకో పూట పోయింది.

కంచరపాలెం_కుర్రాడు
@ఉప్పుగాలి ఇది మాత్రం సూపర్.

పరవాడ_ఇన్‌స్ట్రుమెంట్
మీవి ఎంతో నయం. మా ప్లాంటులో ఒక మెషిన్ పీఎల్‌సీకి (మెషిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) వెండర్ పాస్‌వర్డ్ పెట్టాడు, ఇప్పుడు ఆ వెండరే లేడు. సీమెన్స్ ఎస్7-1200. ఖాళీ మెమరీ కార్డు పెట్టి పాస్‌వర్డ్ తీసేయొచ్చు, కానీ దానితోపాటు ప్రోగ్రామూ పోతుంది. సోర్స్ లేకుండా ఆ పని చేస్తే మెషిన్ బొమ్మై కూర్చుంటుంది. అందుకే ఏ మార్పు అడిగినా కుదరదు అనేస్తాం. మొదట్లోనే ప్రాజెక్ట్ ఫైలు చేతికొస్తేనే ఆఖరి బిల్లు ఇస్తాం అనాల్సింది, పర్చేజ్ వాళ్లు అనలేదు.

డాబాగార్డెన్స్_డాట్‌నెట్
ఎగ్జీ గురించి ఎవరూ మాట్లాడలేదు. డాట్‌నెట్ అయితే ఐఎల్‌స్పై అని ఉచిత డీకంపైలర్ (తయారైన ప్రోగ్రాం నుంచి కోడ్ తిరిగి తీసే టూల్) ఉంది, అందులో పడేస్తే సీషార్ప్ కోడ్ తిరిగొస్తుంది. కామెంట్లు రావు. పక్కనే పీడీబీ ఫైలు (ప్రోగ్రాంతో పాటు తయారయ్యే డీబగ్ సమాచారం) ఉంటే లోపలి వేరియబుల్ పేర్లు కూడా వస్తాయి, లేకపోతే ఐఎల్‌స్పై తనంతట పెట్టిన పేర్లతో సర్దుకోవాలి. కోడ్ అర్థం కాకుండా కావాలని గజిబిజి (అబ్‌ఫస్కేట్) చేసి ఉంటే మాత్రం తలనొప్పి. ఆఫీసు వాడకానికి రాసిన చిన్న ప్రోగ్రాంకి అంత చేసి ఉండరు.

ఆటోనగర్_లెక్కలు
అప్‌డేట్. ఎక్సెల్ తెరుచుకుంది! హెక్స్_బాబాయ్ చెప్పినట్టే, ఎర్రర్ కూడా అదే వచ్చింది. షాపాయనకి వద్దని చెప్పేశాను, అయితే పదిహేనుకి చేస్తా అన్నాడు. ఎగ్జీ ఐఎల్‌స్పైలో తెరిచాం, చదవడానికి బాగానే ఉంది. జిప్ ఇంకా అలాగే ఉంది. డిస్క్‌లో గిట్ ఫోల్డర్ దొరికింది గానీ ఆఖరి మార్పులు అందులో లేవు, ఇంటి నుంచి చేసినవి లాప్‌టాప్‌లో ఉండిపోయినట్టున్నాయి. ఈ చర్చ అంతా ఓనరు గారికి చదివి వినిపించాను. లాయర్ గారి దగ్గర కాసేపు ఆగారు, మధురవాడ మేడమ్ దగ్గర ఇంకొంచెంసేపు.

బీచ్‌రోడ్_బిజినెస్
లొంగిపోయారన్నమాట.

ఆటోనగర్_లెక్కలు
జీతం బ్యాంకులో వేశారు, లెటర్ స్కాన్ చేసి పంపారు. సాయంత్రానికి వాడే ఫోన్ చేశాడు. రిపాజిటరీని (గిట్‌హబ్‌లోని ఆ కోడ్ ఫోల్డర్) కంపెనీ పేరు మీద కొత్తగా తెరిచిన అకౌంట్‌కి ట్రాన్స్‌ఫర్ చేశాడు, ఆఖరి మార్పులతో సహా. జిప్ పాస్‌వర్డ్ మాత్రం "నాకే గుర్తు లేదు సార్" అంటాడు. అప్పట్లో ఉన్న బండి నంబరు పెట్టాననుకుంటా అన్నాడు, బండి అమ్మేశాడట. ఏపీ 31 అని మాత్రం గట్టిగా చెప్పాడు.

నైట్‌షిఫ్ట్_ఎన్‌ఏడీ
అంతకంటే ఏం కావాలి! ఏపీ 31 అంటే మన విశాఖ పాత కోడే, 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 చేయకముందుది. దాని తర్వాత రెండు అక్షరాలు, నాలుగు అంకెలు. 26 ఇంటూ 26 ఇంటూ 10,000, మొత్తం 67 లక్షల 60 వేలు. మనిషికి ఎక్కువ, కంప్యూటర్‌కి లెక్కే కాదు. జాన్ ద రిప్పర్ అనే పాస్‌వర్డ్ ఊహించే టూల్‌లో జిప్2జాన్ అని ఉంటుంది, దానితో హ్యాష్ (పాస్‌వర్డ్ సరిచూసుకునే గుర్తు) తీసి, మాస్క్ (పాస్‌వర్డ్ ఏ రూపంలో ఉంటుందో చెప్పే నమూనా) ఇలా పెట్టి వదిలేయండి. అన్నీ పెద్దక్షరాలు, అన్నీ చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీలు ఉన్నవి, లేనివి, నాలుగు రకాలూ పెట్టండి. జిప్‌ని మాత్రం ఏ ఆన్‌లైన్ సైటులోనూ అప్‌లోడ్ చేయకండి, అందులో మీ కస్టమర్ల జాబితా ఉండొచ్చు.

మధురవాడ_డెవ్
@బీచ్‌రోడ్_బిజినెస్ నెల జీతం, ఒక కాగితం. దీన్ని లొంగడం అంటారా?

బీచ్‌రోడ్_బిజినెస్
అంటాను. కానీ పని అయింది కాబట్టి ఇవాళ్టికి ఊరుకుంటున్నా. మా ఆఫీసులో కూడా ఒక గిట్‌హబ్ అకౌంట్ కుర్రాడి జీమెయిల్ మీద ఉంది, దాన్ని ఎలా మార్చాలి?

డాబాగార్డెన్స్_డాట్‌నెట్
@బీచ్‌రోడ్_బిజినెస్ కంపెనీ పేరుతో ఆర్గనైజేషన్ తెరిచి, కనీసం ఇద్దరిని ఓనర్లుగా పెట్టి, ఆ కుర్రాడి చేతే రిపాజిటరీ ట్రాన్స్‌ఫర్ చేయించండి. వాడు ఉద్యోగంలో ఉండగానే. ఓనర్ మెయిల్ వ్యక్తిది కాకుండా కంపెనీ డొమైన్‌ది పెట్టండి, ఓటీపీ వెళ్లే ఫోన్ కూడా ఆఫీసుదే.

ఆటోనగర్_లెక్కలు
జిప్ విడిపోయింది. రాత్రి పెట్టి వెళ్లాను, పొద్దున్న వచ్చేసరికి నంబరు స్క్రీన్ మీద ఉంది, చిన్నక్షరాల్లో. కంచరపాలెం తమ్ముడు అన్నది నిజమే, లోపల ఉన్నవన్నీ పాత వెర్షన్లు. ఇక అసలు పని. కోడ్‌లో 28 చాలా చోట్ల ఉంది. ఫైండ్ రీప్లేస్‌తో అన్నీ 18 చేసేయొచ్చా?

పాత_వీబీ
ఆగండి ఆగండి!! రీప్లేస్ ఆల్ కొట్టకండి. 28 అంటే పన్నే కానక్కర్లేదు, అడ్డువరుస నంబరో, కాలమ్ వెడల్పో, ఫిబ్రవరి రోజులో కూడా కావచ్చు.

అసలు 28ని పూర్తిగా తీసేయకూడదు. సెప్టెంబర్ 22కి ముందు 28తో అమ్మిన సరుకు ఇప్పుడు వెనక్కి వస్తే, క్రెడిట్ నోటు (సరుకు వెనక్కి వచ్చినందుకు ఇచ్చే తగ్గింపు కాగితం) పాత బిల్లుకి కట్టుబడి పాత రేటుకే వేయాలి కదా. ఒక షీటులో మూడు కాలమ్‌లు పెట్టండి: హెచ్‌ఎస్‌ఎన్ (ఏ సరుకో చెప్పే కోడ్ నంబరు), ఏ తేదీ నుంచి, ఎంత శాతం. కోడ్ అసలు బిల్లు తేదీ చూసి అక్కడి నుంచి రేటు తెచ్చుకోవాలి. మళ్లీ రేట్లు మారితే ఒక వరుస చేరుస్తారు, కోడ్ ముట్టుకోరు.

ఉప్పుగాలి
ఇంకోటి, అన్నీ 18 కాదు. ట్రాక్టర్ టైర్లు, ట్యూబులు, కొన్ని ట్రాక్టర్ పార్టులు 5లోకి వెళ్లాయి. మీ దగ్గర అనకాపల్లి, చోడవరం వైపు వెళ్లే సరుకు ఉంటే చూసుకోండి.

ఆటోనగర్_లెక్కలు
@ఉప్పుగాలి ఉంది, బాగా ఉంది. ఇప్పుడే షీటు మొదలుపెడుతున్నా. హెచ్‌ఎస్‌ఎన్‌కి నాలుగు అంకెలు చాలా, ఎనిమిదీ పెట్టాలా?

పాత_వీబీ
ఎనిమిదీ పెట్టండి. ట్రాక్టర్ పార్టుల దగ్గర నాలుగు అంకెలతో తేడా తెలియదు.